అటకెక్కిన భూగోళం

పేరు, ఊరు వేయవద్దంటూ ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబుతాను.

ఆవిడకు 41 ఏళ్ళు. అనకాపల్లి జిల్లాలో ఒక చిన్న ఊరు. ఇంట్లో భర్త, తొమ్మిదో తరగతి చదివే కూతురు, 77 ఏళ్ళ మావగారు. అత్తగారు పోయి ఆరేళ్ళయింది. మావగారు 1974లో సైన్సు మాస్టారుగా చేరి 2006లో రిటైరయ్యారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల నడివయసు వాళ్ళు ఆయన ఎదురైతే బండి దిగి నమస్కారం పెడతారట. వాళ్ళందరికీ గుర్తుండిపోయిన పాఠం చంద్రుడి పుట్టుక. భూమి మెత్తటి ముద్దగా ఉన్న రోజుల్లో గిర్రున తిరుగుతుంటే ఒక ముక్క ఊడి పైకి పోయిందనీ, అదే చంద్రుడయిందనీ, ఊడినచోట మిగిలిన గుంతే పసిఫిక్ మహాసముద్రమనీ చెప్పేవారు. ఉత్త మాటలతో కాదు. 1981లో ఏటికొప్పాక వెళ్ళి అంకుడు కర్రతో లక్క భూగోళం చేయించుకొచ్చారు. అడ్డంగా కొలిస్తే సరిగ్గా ఐదంగుళాలు. పసిఫిక్ దగ్గర గుంత, అందులో కూర్చునే నిమ్మకాయంత చంద్రుడు. క్లాసులో ఆ చంద్రుణ్ణి బొటనవేలితో టక్కున పైకి లేపితే పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

మొన్న మనవరాలి స్కూల్లో సైన్స్ ఫెయిర్ పెట్టారు. పిల్ల భూగోళం అడిగితే ఆయన మురిసిపోయి తుడిచి ఇచ్చారు. ఇస్త్రీ పంచె కట్టుకుని తనూ వెళ్ళారు. ఇద్దరు పాత విద్యార్థులు వెంట ఉన్నారు. బల్ల మీద భూగోళం ఉంది. దాని నెత్తిన ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసిన అట్టముక్క: "ఇది తప్పు. పాత నమ్మకం." పక్కన పెద్ద చార్టు: "థియా అనే గ్రహం భూమిని ఢీకొట్టింది. అలా చంద్రుడు పుట్టాడు. చంద్రయాన్-3 దీన్ని నిరూపించింది." అమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి, వద్దంటున్నా వినకుండా స్టూలెక్కి భూగోళాన్ని అటక మీద పెట్టేశారు.

రెండు నెలలయింది. పాప భోజనానికి కూర్చునే వేళకు ఆయన తినేసి పడుకుంటున్నారు. ప్రతి పున్నమికీ తాతా మనవరాలూ డాబా ఎక్కి పాత బైనాక్యులర్స్‌తో చంద్రుణ్ణి చూసేవారు. రెండు పున్నములు వచ్చి వెళ్ళాయి, ఎవరూ డాబా ఎక్కలేదు. ఒక రాత్రి మజ్జిగ గ్లాసు అందిస్తుంటే ఆయన కోడల్ని అడిగారట: "ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి అబద్ధం చెప్పానంటావా అమ్మా?"

భర్తేమో "చిన్నపిల్లతో పట్టింపులేమిటి, అదే సర్దుకుంటుంది" అంటారు. ఆడపడుచు "పిల్లకి పొగరెక్కింది, కాళ్ళ మీద పడేసి క్షమాపణ చెప్పించు" అంటుంది. పాత విద్యార్థులు సన్మానం చేస్తామంటున్నారు. కూతురు "తప్పును తప్పనడం తప్పా? అలా అనమని నేర్పింది తాతయ్యే కదా" అని ఏడుస్తోంది. ఈవిడ మావగారి దగ్గర "చిన్నపిల్ల, తెలియక చేసింది" అనీ, కూతురి దగ్గర "తాతయ్యది పాతకాలం చదువు, వదిలెయ్" అనీ సర్దిచెబుతూ వచ్చారు. ఇప్పుడు ఇద్దరూ ఈవిడతోనే ముభావంగా ఉంటున్నారు. "నేను బీకాం చదివాను, నాకివేవీ తెలియవు. ఎవరిది కరెక్టో మీరు రాస్తే ఇద్దరికీ చూపించి గొడవ ముగిస్తాను. పాప చేత క్షమాపణ చెప్పించాలా, వద్దా?" ఇదీ ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది మజ్జిగ గ్లాసు దగ్గర ఆయన అడిగిన ప్రశ్న. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరడిగింది చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మనసుపెట్టి చదవరు. చంద్రుడు పసిఫిక్ గుంతలోంచి రాలేదు. ఆ ఒక్క విషయంలో మీ అమ్మాయి మాటే నిజం. కానీ చంద్రయాన్-3 థియాను నిరూపించిందన్న మాట కూడా తప్పే, అదీ మొదటి బహుమతి వచ్చిన తప్పు. ఇక మీ మావగారి పాఠంలో సగం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. కాబట్టి తీర్పు కాగితం పట్టుకెళ్ళి గొడవ ముగించడం కుదరదు. కొంచెం ఓపిక పట్టి ఆ సంగతులేమిటో వినండి. వీటికి బీకాం చాలు.

మావగారి పాఠం ఆషామాషీగా పుట్టింది కాదు. అది జార్జ్ డార్విన్ ఆలోచన. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ కొడుకు, లెక్కల్లో దిట్ట. 1870ల చివర్లో ఆయన గమనించింది ఇది: సముద్రపు ఆటుపోట్ల రాపిడి వల్ల భూమి తిరిగే వేగం మెల్లగా తగ్గుతుంది, ఆ మేరకు చంద్రుడు దూరం జరుగుతాడు. అయితే కాలాన్ని వెనక్కి తిప్పితే? చంద్రుడు దగ్గరికి, మరీ దగ్గరికి వస్తాడు. భూమి బొంగరంలా తిరుగుతూ ఉంటుంది, ఒక రోజంటే ఐదారు గంటలే. ఇంకా వెనక్కి పోతే రెండూ ఒకే ముద్ద అయి ఉండాలని ఆయన ఊహించాడు. పసిఫిక్ ఆ గాయం తాలూకు మచ్చ అని 1882లో ఆస్మండ్ ఫిషర్ అనే ఆయన చేర్చాడు. అంటే మీ అటక మీదున్న గుంత ఫిషర్‌ది. గిర్రున తిరిగే భూమి, దూరం జరిగే చంద్రుడు డార్విన్‌వి. ఈ రెంటినీ విడదీసి చూస్తే మీ ఇంటి గొడవ సగం విడిపోతుంది.

ఎందుకంటే చంద్రుడు దూరం జరగడం నిజం. అపోలో యాత్రికులు అక్కడ వదిలి వచ్చిన అద్దాల మీదికి ఇక్కణ్ణుంచి లేజర్ కాంతి వేసి, అది తిరిగొచ్చే సమయం కొలుస్తున్నారు. ఏటా 3.8 సెంటీమీటర్లు. మీ అమ్మాయి పుట్టాక అరమీటరు పైన జరిగాడు. మావగారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి లెక్కేస్తే దాదాపు రెండు మీటర్లు.

డార్విన్ మాటకు పోటీగా ఇంకో రెండు మాటలుండేవి. భూమీ చంద్రుడూ ఒకే ధూళిలోంచి పక్కపక్కనే ఎదిగిన తోబుట్టువులని కొందరు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఎడ్వర్డ్ రోష్, 1960లలో సోవియట్ శాస్త్రవేత్త యెవ్గేనియా రుస్కోల్ ఆ పక్షం. ఎక్కడో పుట్టి, దారిన పోతూ భూమి ఆకర్షణకు చిక్కి ఇక్కడే ఉండిపోయిన ఇల్లరికపు అల్లుడని ఇంకొందరు. 1909లో అమెరికాలో సీ అనే ఖగోళవేత్త ఆ మాటన్నాడు. నోబెల్ అందుకున్న హెరాల్డ్ యూరీ కూడా చాలాకాలం అటే మొగ్గాడు. మన భాష ఎప్పుడో తోబుట్టువు పక్షం చేరిపోయిందనుకోండి: భూమి తల్లి, చంద్రుడు మామ. తల్లి తమ్ముడేగా మేనమామ! పాలసముద్రంలో లక్ష్మీదేవితో పాటు పుట్టాడు కాబట్టి మామ అంటారు పెద్దలు. అత్రి, అనసూయల కొడుకని మరో కథ. చంద్రుడి పుట్టుక మీద పేచీ మీ ఇంట్లో మొదలైంది కాదు.

మూడు మాటలకూ మూడు చిక్కులు. తోబుట్టువంటే ఇనుము అడ్డొస్తుంది. భూమి బరువులో మూడో వంతు దాకా నడిమధ్యనున్న ఇనుప గుండే. చంద్రుడిలో అది ఒకటి రెండు శాతం మాత్రమే. ఘనపు సెంటీమీటరుకి భూమి సగటున 5.5 గ్రాములు తూగితే చంద్రుడు 3.3 గ్రాములు. ఒకే పళ్ళెంలోంచి తీసి చేసిన రెండు బూరెల్లో ఒకదాంట్లోనే పూర్ణం ఎందుకుంది? అల్లుడంటే వేగం అడ్డొస్తుంది. దూసుకుపోయే గోళాన్ని పట్టి నిలపాలంటే ముందు దాని వేగాన్ని ఏదో ఒకటి తగ్గించాలి. లేకపోతే కాస్త వంపు తిరిగి తన దారిన తను పోతుంది. ఇక డార్విన్ అన్నట్టు భూమి ఒంట్లోంచి ఊడిన కూతురంటే, భూమి రెండున్నర గంటలకో చుట్టు చొప్పున తిరిగితే తప్ప ముద్ద ఊడదు. ఇప్పటి భూమి, చంద్రుడి తిరుగుళ్ళన్నీ కలిపి కూడినా అంత వేగం తేలదు. పసిఫిక్ సంగతి మరీ దారుణం. దాని అడుగున ఉన్న రాయి వయసు ఎక్కడ చూసినా 20 కోట్ల ఏళ్ళు దాటదు. చంద్రుడికి దాదాపు 450 కోట్ల ఏళ్ళు. మనవరాలి ఒంటి మీది మచ్చ చూపించి తాత పుట్టిన తేదీ చెప్పినట్టు.

1969 నుంచి 1972 దాకా అపోలో యాత్రికులు ఆరుసార్లు దిగి, 382 కిలోల రాళ్ళూ మట్టీ తెచ్చారు. ఈ కథంతా మలుపు తిరిగింది ఆ రాళ్ళ దగ్గరే. మొట్టమొదటి సంచీలోనే తెల్లటి చిన్న పలుకులు కనబడ్డాయి. అనార్థోసైట్ అంటారు. పాలు కాగి చల్లారితే మీగడ తేలినట్టు, కరిగిన రాయి చల్లారేటప్పుడు పైకి తేలే తేలిక ఖనిజంతో ఏర్పడే రాయి అది. చంద్రుడి పైపొరంతా ఆ మీగడే అయితే, ఒకప్పుడు చంద్రుడే ఒక నిప్పుల సముద్రం అయి ఉండాలి. ఆ తెలుపు మీద తర్వాత పొంగి గడ్డకట్టిన నల్ల లావా మైదానాలే మీ అమ్మాయికి తాతగారు చూపించే కుందేలు. పైగా ఆ రాళ్ళలో సోడియం, పొటాషియం లాంటి వేడికి ఆవిరయ్యే మూలకాలు భూమి రాళ్ళతో పోలిస్తే బాగా తక్కువ. ఏదో విపరీతమైన వేడి వాటిని తరిమేసింది.

ఇంకో ముఖ్యమైన సాక్ష్యం ఆక్సిజన్. రాళ్ళలో ఉండే ఆక్సిజన్‌లో బరువు తేడాగల మూడు రకాల పరమాణువులుంటాయి. వాటి పాళ్ళు సౌరకుటుంబంలో ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఒక్కో ఊరి మట్టికి ఒక్కో రంగున్నట్టు. అంగారకుడి నుంచి రాలిపడ్డ ఉల్కల్లో ఒక రకం పాళ్ళు. భూమికీ చంద్రుడికీ మాత్రం దాదాపు తేడా కనబడనంతగా ఒకే పాళ్ళు. పరాయి చోటి నుంచి వచ్చిన అల్లుడికి ఇంత పోలిక కుదరడం కష్టం.

ఇవన్నీ కలిపి 1975లో విలియం హార్ట్‌మన్, డొనాల్డ్ డేవిస్ ఒక వ్యాసం అచ్చు వేశారు. మరుసటి ఏడు కామెరన్, వార్డ్ ఇంకో దారిలో లెక్కకట్టి అదే మాటన్నారు. భూమి కుర్రతనంలో ఉండగా ఇంకో గ్రహం వచ్చి ఏటవాలుగా గుద్దింది. సుమారు అంగారకుడంత గ్రహం. దాని ఇనుప గుండు భూమి లోపలికి దిగిపోయింది. పైపైని రాయి ఆవిరై, కరిగి, చుట్టూ వలయంలా ఎగిసింది. ఆ వలయం ముద్దకట్టి చంద్రుడయ్యాడు. ఇనుము ఎందుకు లేదు, ఒళ్ళంతా ఎందుకు కాగింది, భూమి అంత జోరుగా ఎందుకు తిరిగింది, మూడింటికీ ఒకే దెబ్బతో జవాబు. థియా అన్న పేరు చాలా తర్వాత, 2000లో అలెక్స్ హాలిడే పెట్టింది. గ్రీకు కథల్లో చంద్రదేవతను కన్న తల్లి పేరు.

ఈ మాట అచ్చవగానే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దాదాపు పదేళ్ళు అలా పడి ఉంది. 1984 అక్టోబరులో అన్ని పక్షాలవాళ్ళూ ఒకచోట కూడి, ఎవరి లెక్కలు వాళ్ళు బల్ల మీద పెట్టుకున్నాకే ఎక్కువమంది దీనివైపు తిరిగారు. ఆ సభ జరిగింది హవాయి దీవుల్లోని కోనాలో. పసిఫిక్ నడిమధ్యన! ఈ ముక్క చెబితే మావగారు నవ్వుతారని నాకు గట్టి నమ్మకం.

కథ కంచికి పోలేదు. 2001లో రాబిన్ కానప్, ఎరిక్ ఆస్ఫాగ్ కంప్యూటర్లో ఈ గుద్దును ఆడించి చూస్తే చంద్రుడైతే తయారయ్యాడు గానీ, అందులో ఎక్కువ భాగం థియా రాయే. మరి ఆక్సిజన్ పాళ్ళు భూమితో ఎలా కలిశాయి? అప్పటి నుంచీ అదే తలనొప్పి. 2012లో చుక్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఇలా అన్నారు: గుద్దే నాటికే భూమి రెండు మూడు గంటలకో చుట్టు తిరుగుతూ ఉంటే, వచ్చి తగిలింది చిన్నదే అయితే, ఎగిరేది ఎక్కువగా భూమి రాయే. మళ్ళీ చదవండి. గిర్రున తిరిగే భూమి, దాని ఒంట్లోంచే ఊడిన చంద్రుడు. జార్జ్ డార్విన్‌ను ముందు గుమ్మంలోంచి సాగనంపారు. ఆయన పెరటి గుమ్మంలోంచి మళ్ళీ లోపలికొచ్చాడు, చేతిలో ఒక రాయితో. అదే ఏడు కానప్ రెండు సమానమైన గోళాలు గుద్దుకున్నాయంది. 2017లో ఇజ్రాయెల్ వాళ్ళు ఒక్క పెద్ద దెబ్బ కాదు, చాలా చిన్న దెబ్బలన్నారు. 2018లో లాక్, స్టీవర్ట్ గుద్దు తర్వాత భూమే గారె ఆకారపు ఆవిరిమేఘమైపోయిందనీ, చంద్రుడు ఆ గారెలోనే గడ్డకట్టాడనీ రాశారు. గుద్దు జరిగిందని చాలామంది ఒప్పుకుంటారు. ఎలాంటి గుద్దన్నది ఇంకా తేలలేదు.

ఇంకొకటి, ఇది ఆయన కోసం. భూమి లోపల సుమారు 2900 కిలోమీటర్ల లోతున, ఇనుప గుండును ఆనుకుని, మిగతా రాయి కన్నా తేడాగా ఉన్న రెండు పెద్ద దిబ్బలున్నాయి. భూకంపాల తరంగాలు అక్కడ మందగిస్తాయి. అవి థియా శకలాలే కావచ్చని 2023లో చియాన్ యువాన్, తోటివారు ప్రతిపాదించారు. ఒక దిబ్బ ఆఫ్రికా కింద ఉంది. రెండోది పసిఫిక్ కింద. ఇదీ ప్రతిపాదనే, రుజువు కాదు.

చంద్రయాన్ సంగతి. 2023 ఆగస్టు 23న విక్రమ్ దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ దక్షిణ ధ్రువం వైపున్న ప్రాంతంలో ఓ వంద మీటర్ల మేర తిరిగి 23 చోట్ల మట్టిని పరీక్షించింది. అహ్మదాబాదులోని భౌతిక పరిశోధనా ప్రయోగశాల వాళ్ళు 2024లో ఆ ఫలితాలు అచ్చు వేశారు. అక్కడి మట్టి కూడా ఆ తెల్ల మీగడ రాయి తరహాదే. అంటే నిప్పుల సముద్రం చంద్రుడంతటా ఉందన్న మాటకు గట్టి బలం. చాలా పెద్ద సంగతే. అయితే చంద్రుడు కాగాడని చెప్పడం వేరు, కాచింది ఎవరో చెప్పడం వేరు. ప్రజ్ఞాన్ రెండోది చెప్పలేదు. చార్టు మీద "నిరూపించింది" కొట్టేసి "బలం చేకూర్చింది" అని రాస్తే చాలు.

ఇప్పుడు మజ్జిగ గ్లాసు.

మీ మావగారు 1974లో మొదటిసారి ఆ పాఠం చెప్పే నాటికి హార్ట్‌మన్, డేవిస్‌ల వ్యాసం ఇంకా అచ్చు కాలేదు. బల్ల మీద ఉన్న మూడు మాటల్లో ఒకదాన్ని ఎంచుకుని, సొంత డబ్బుతో బొమ్మ చేయించి చెప్పారు. అబద్ధమంటే తెలిసి చెప్పేది. ఆయనది అది కాదు. అయితే ఇంకో ముక్క కూడా ఉంది, దాన్ని మీ దగ్గర దాచను. పసిఫిక్ అడుగు రాయి కుర్రదన్న సంగతి 1960లలోనే బయటపడింది, కోనా సభ తర్వాత కూడా ఆయన ఇరవై ఏళ్ళకు పైగా పాఠం చెప్పారు. ఆ కబురు మన హైస్కూళ్ళ దాకా ఎంత ఆలస్యంగా నడిచొచ్చిందో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. రాత్రిళ్ళు ఆయన లెక్కపెట్టుకుంటున్నది ఆ ఇరవై ఏళ్ళనే అనుకుంటాను. అందుకే మీరు "మీ తప్పేం లేదు మావయ్యగారూ" అంటే ఆయన నమ్మరు, మిమ్మల్ని మర్యాదగా పక్కన పెడతారు. మొదటి సగం చెప్పండి. 1974, 1975 అన్న రెండు అంకెలు చెప్పి ఊరుకోండి. మిగతాది ఆయనంతట ఆయన ఎత్తితే వినండి.

ఒక మాట మిమ్మల్ని కూడా అనాలి, నొచ్చుకోకండి. ఆయనతో "తెలియక చేసింది" అన్నారు. తెలిసే చేసింది, అదే ఆ పిల్ల గర్వం. పిల్లతో "పాతకాలం చదువు" అన్నారు. ఆ అమ్మాయికి ప్రశ్నించడం నేర్పింది ఆ చదువే. శాంతి కోసమే అన్నారు, సందేహం లేదు. కానీ ఒకరిని అమాయకురాలిని చేసి, ఇంకొకరిని కాలం చెల్లినవారిని చేశారు. ఇద్దరూ మీతో ముభావంగా ఉండటానికి ఇదే కారణమని నాకనిపిస్తోంది. ఇక మాటలు మోయడం మానేయండి. వారం రోజులు ఇల్లు ఇంకా మూగగా ఉంటుంది, తట్టుకోవాలి.

క్షమాపణ దగ్గరికొస్తే, దేనికి అన్నది తేల్చుకోండి. "తాతయ్యా, పసిఫిక్ మాట తప్పన్నందుకు తప్పయింది" అని చెప్పించారనుకోండి. ఆడపడుచు సంతోషిస్తుంది. పిల్లకి మాత్రం వయసులో పెద్దవాళ్ళ ముందు లెక్క మారిపోతుందని అర్థమవుతుంది. ఆయనకైతే ఇంకా నరకం. తన ముచ్చట కోసం మనవరాలి చేత అబద్ధం చెప్పించారని ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది, ముప్ఫై రెండేళ్ళు పిల్లల ముఖాలు చదివినవాడాయన. అదే, ముందురోజు రాత్రి తాతకు ఒక్క మాట చెప్పకుండా, ఆయన తుడిచి ఇచ్చిన వస్తువు మీదే, ఆయన శిష్యుల ఎదుట అట్టముక్క పెట్టినందుకైతే అది వేరే సంగతి. అందులో నొప్పి ఉంది, దానికి మాట కావాలి. ఆ రెంటికీ తేడా మీరు పాపకు చెప్పవచ్చు. అడిగించడం మాత్రం మీ చేతిలో లేదు. వెంటనే అడగకపోవచ్చు కూడా. పద్నాలుగేళ్ళకు అది మామూలే.

మీవారు చెప్పినట్టు వదిలేసినా చాలా ఇళ్ళలో సర్దుకుంటుంది. నాకున్న జంకల్లా ఆయన వయసు గురించే. పాప దగ్గర పున్నములు బోలెడున్నాయి.

సన్మానం మాత్రం ఇప్పుడొద్దు. పాత విద్యార్థులు మంచి మనసుతోనే అంటున్నారు. కానీ ఇప్పుడు శాలువా కప్పితే అది దెబ్బ మీద కప్పిన గుడ్డే అవుతుంది. మైకులో ఎవరో ఒకరు చంద్రుడి పాఠం గుర్తు చేసి తీరతారు, ఆయన దండ మెడలో వేసుకుని తలొంచుకుని కూర్చోవాలి. వచ్చే ఏడు చేయమనండి. మూడో మనిషిని, అంటే పాప సైన్సు టీచర్నో ఇంకెవరినో, పంచాయతీకి పిలవడం కూడా ఇలాంటిదే. ఒకరు గెలిచి లేస్తారు, ఇంకొకరు ఓడి లేస్తారు.

నా మొగ్గు ఎటో అడిగితే, పాప చార్టుతో మొదలుపెట్టండి. "నిరూపించింది" అన్న తప్పును ముందు తను దిద్దుకోనివ్వండి, తాతగారిని ఏమీ అడగకుండానే. మొదటి బహుమతి వచ్చిన పిల్లకి అది చేదుగానే ఉంటుంది, రెండు రోజులు మూతి ముడుచుకుంటుంది. తర్వాత ఆ దిద్దిన చార్టు గోడకు ఉంటే చాలు. ఆయన చూస్తారు. సైన్సు మాస్టార్లు గోడ మీది చార్టు చదవకుండా నడిచిపోలేరు.

ఆ తర్వాత పాప ఆయన్ని ఒక ప్రశ్న అడగవచ్చు: భూగోళం ఐదంగుళాలే ఎందుకు చేయించావు తాతయ్యా? ఇది ఊరికే మాట కలపడానికి కాదు. ఐదంగుళాలంటే 12.7 సెంటీమీటర్లు. భూమి అడ్డకొలత 12,742 కిలోమీటర్లు. అంటే ఆ బొమ్మ మీద ఒక సెంటీమీటరు వెయ్యి కిలోమీటర్లు. నిమ్మకాయంత చంద్రుడు మూడున్నర సెంటీమీటర్లుంటే అదీ సరిపోయింది, అసలు చంద్రుడు 3474 కిలోమీటర్లు. ఇది కాకతాళీయమని నేననుకోను. నలభై ఏళ్ళలో ఈ ప్రశ్న ఆయన్ని ఎవరైనా అడిగారో లేదో.

ఆయన నోరు విప్పితే మిగతాది వాళ్ళే చూసుకుంటారు. ఆ కొలతలో ఇవాళ్టి చంద్రుడు 3.84 మీటర్ల దూరంలో, అంటే పన్నెండున్నర అడుగుల అవతల ఉండాలి, డాబా మీద కొలుచుకోవచ్చు. కొత్తగా పుట్టినప్పుడు జానెడు దూరంలో ఉండి ఉంటాడు. పసిఫిక్ సగటు లోతు నాలుగు కిలోమీటర్లు, ఆ బొమ్మ మీద సెంటీమీటరులో 250వ వంతు. పైన పూసిన లక్క అంతకన్నా మందం. పసిఫిక్ నీళ్ళన్నీ ఆ కొలతకు తెస్తే ఓ పదిహేను చుక్కలు. చంద్రుణ్ణి నీళ్ళతో కొలిస్తే నాలుగు చెంచాలు దాటుతాడు. గుంత కథ ఎందుకు నిలవదో ఆయన బొమ్మే, ఆయన కొలతే చెబుతుంది. గుంత తర్వాత పూడిపోయిందని ఫిషర్ తరఫున ఆయన వాదించవచ్చు కూడా. వాదించనివ్వండి, అప్పుడు సముద్రపు అడుగు వయసు తీయాల్సింది పాప. పౌరుషం కొద్దీ ఆయన జవాబే చెప్పకపోవచ్చు, "పోయి చదువుకో" అని కసరవచ్చు. అలా జరిగితే రెండోసారి అడిగించకండి. ఆ ప్రశ్న ఆయన దగ్గర ఉండిపోతుంది.

ఈ జవాబును ఇద్దరికీ చూపించి గొడవ ముగిస్తానన్నారు. దయచేసి వద్దు. టీపాయ్ మీద పడేసి వంటింట్లోకి వెళ్ళండి. భూగోళం గుంతను పుట్టీతో పూడ్పించడం, కొత్త రంగు వేయించడం లాంటి ఆలోచనలు మీవారికి వస్తే ఆపండి.

దాన్ని అటక మీంచి దింపే రోజు వస్తే స్టూలు పాప ఎక్కుతుంది, మీరు గట్టిగా పట్టుకోండి. 77 ఏళ్ళ మనిషిని మాత్రం మళ్ళీ ఎక్కనివ్వకండి.